సంతలో అన్న మాట

పుంగనూరు పశువుల సంతలో నన్నడగకుండా ఆవు చేతులు మారేది కాదు. గొప్పలు పోతున్నానని అనుకోకండి, అప్పట్లో అంతే. కొనేవాడు పళ్లు చూసుకుంటాడు, పొదుగు చూసుకుంటాడు, ఆఖరికి నల్లప్పా అంటూ నా దగ్గరికి వస్తాడు. నేను వీపు నిమిరి, నుదురు చూసి, వెంట్రుకల సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, ఆ పశువు ఇంటికి అచ్చొస్తుందో రాదో చెప్పాలి. మా నాయన చెప్పేవాడు, నేనూ చెప్పేవాణ్ణి. ఇందులో నాకు తెలిసిందెంత అని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మునియమ్మది మా పెద్దపంజాణి పక్క పల్లె. కూతురు ఇంద్రాణికి కుప్పంలో కాన్పు, ఇక పది రోజులే గడువు. అక్కడ చూసుకునే ఆడదిక్కు లేదు, మునియమ్మ వెళ్లి తీరాలి. ఇక్కడేమో ఇంట్లో ఆమె ఒక్కతే. ఆవును ఎవరి మీద వదిలి పోతుంది? అమ్మేద్దామని సంతకు తోలుకొచ్చింది. నా ముందు నుంచే పోయింది, ఒక్క పలకరింపు లేదు. పాపం తన తొందరలో తనుందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది.

బైరెడ్డిపల్లె మురళి ఆ ఆవుకు బేరం కుదుర్చుకుని, అలవాటు ప్రకారం నన్ను పిలిచాడు. నేను దాని ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"ఆ వీపు మీది సుడి నాకు నచ్చలేదప్పా. ఇంగ నీ ఇష్టం," అన్నాను.

మురళి తాడు వదిలేశాడు. మధ్యాహ్నానికల్లా ఆ మాట సంతంతా పాకింది. ఆవు దగ్గర ఆగిన మనిషి లేడు. సాయంత్రం మునియమ్మ దాన్ని తోలుకుని వచ్చిన దారినే వెనక్కి పోయింది. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు ఆమె ఇంటికి వెళ్లాను. ఆవుకు ఏ దోషమూ లేదని, కోపంలో నోరు జారానని చెప్పాను. ఆమె తిట్టలేదు. చేతిలో ఉన్న గడ్డి ఆవు ముందు వేసింది.

"ఆ మాట సంతలో అంటివి. ఈ మాట యాల నా ఇంటికొచ్చి చెప్తాండావన్నా?" అంది.

వచ్చే సంతకు నేనూ వస్తానని చెప్పి వచ్చేశాను.

తరువాతి సంతకు ఇంద్రాణి గడువు మూడు రోజుల్లోకి వచ్చింది. నేను మునియమ్మ పక్కనే ఆవు తాడు పట్టుకుని నిలబడ్డాను. ఆగిన ప్రతివాడికీ పోయిన వారం నేనన్నది తప్పని చెప్పాను. తలాడించి పోయారే తప్ప ఎవరూ బేరమాడలేదు. చివరికి మురళి వచ్చాడు.

"అట్లయితే పోయినేడు మా ఎద్దుది మంచి సుడి అంటివే. అదీ ఇట్లాంటిదేనా?" అన్నాడు.

చుట్టూ పదిమంది చేరారు. మా నాయనకు ఈ సంతలో ఉన్న పేరు గుర్తొచ్చింది.

"అది తెలీక చెప్పినా. ఇది కోపంతో చెప్పినా. సుడుల సంగతి నాకేమీ తెలీదప్పా," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. మురళి నవ్వలేదు. మళ్లీ ఒకసారి పొదుగు చూసుకుని, నా చేతిలోంచి తాడు తీసుకున్నాడు.

ఆ తరువాత సంతలో నన్నెవరూ ఏమీ అడగలేదు, ఇప్పటికీ అడగరు. ఆ రోజు మాత్రం మునియమ్మ ఆవు మెడ నిమిరి, కుప్పం బస్సుకు పోతూ పోతూ నా ముందు ఆగింది.

"పోయొస్తానన్నా," అంది.