పారేసిన ఫ్రేములు

రాత్రి ఎనిమిది నలభైకి ఒక మనిషి మేడ మీంచి వెనక సందులో పడి చనిపోయాడు. చప్పుడు సందులోని టైలరు విన్నాడు. ఏదో మూట పడిందనుకుని మిషను ఆపలేదు. పదింటికి ఇంట్లోవాళ్లు మేడ తలుపు విరగ్గొట్టి వెళ్లి చూస్తే కింద శవం కనిపించింది. తలుపుకు మేడ వైపు గొళ్లెం ఉంది. మెట్ల మీద లైటు పడకుండా అతను ఎప్పుడూ అలాగే పెట్టుకుంటాడు.

అతను టెలిస్కోపుతో గెలాక్సీల ఫొటోలు తీసేవాడు. ఆ రాత్రి తీస్తున్నది చుట్లు తిరిగిన గెలాక్సీ. దాని వెలుగు ఒక్క ఫొటోకు అందదు. కెమెరా ఐదు నిమిషాలకొక ఫ్రేము దానంతట అదే తీస్తుంది. చెడినవి ఏరి పారేసి, మిగిలినవి కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చాలి.

నెల తర్వాత ఆ పని బావమరిది చేశాడు. అతనిది కళ్లజోళ్ల దుకాణం. పూర్తయిన ఫొటో అక్కకు చూపించాడు.

"ఇదన్నమాట నా సవతి. బాగానే ఉంది," అంది అక్క. తర్వాత అడిగింది. "తొమ్మిదింటికి అన్నానికి పిలిచానురా. ఐదు నిమిషాలు, వస్తున్నా అన్నారు. నాకు జవాబు చెప్పడానికే పిట్టగోడ మీంచి వంగారా?"

"టైలరు ఎనిమిది నలభై అంటున్నాడుగా."

"వాడి టైము వాడి కొలతల్లాగే ఉంటుంది. నువ్వు పారేసినవి చూపించు."

ఎనిమిది నలభై ఫ్రేములో నక్షత్రాలు గీతల్లా సాగాయి. టెలిస్కోపు కాలికి ఏదో తగిలింది. తర్వాతి మూడింటిలో గెలాక్సీ లేదు.

"కాలు తట్టుకుని పడ్డాడక్కా. నువ్వు పిలవక ముందే."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "మరి పలికిందెవర్రా?"

"నీకలా అనిపించి ఉంటుంది."

కింది వాటాలో ఉండే నర్సును పిలిచి అడిగారు.

"నేనూ విన్నాను. ఆయన గొంతే," అంది నర్సు. "ఒక్క పిలుపుకే పలికారు, ఎన్నడూ లేంది అనుకున్నా కూడా."

టెలిస్కోపు మోటారు ఆకాశం వెంట తిరుగుతుంది. గురి తప్పితే దానంతట అది వెతుక్కోలేదు. చేత్తో మర తిప్పి సరిచెయ్యాలి.

బావమరిది తర్వాతి ఫ్రేములు తెరిచాడు. తొమ్మిదింటి ఫ్రేములో నక్షత్రాలు మళ్లీ గీతల్లా సాగాయి. తొమ్మిది ఐదు ఫ్రేములో గెలాక్సీ సరిగ్గా మధ్యలో ఉంది.