సాక్షి గడిలో ఒక పేరు

తొక్క తెగకూడదు.

కాడ దగ్గర కత్తి ఆనించి, కత్తిని కదపకుండా పండునే తిప్పాలి. తిప్పుతూ పోతే తొక్క పొడవాటి నారింజరంగు రిబ్బనులా ఒడిలోకి దిగుతుంది. నా ఒడిలో అప్పటికే నలభై పండ్ల తొక్కలున్నాయి. వేళ్ళకు జిగట. గోళ్ళ కింద నలుపు.

పెర్సిమన్ పండ్లు. చూస్తే నోరూరుతుంది. పచ్చిగా కొరికితే నాలుక మొద్దుబారిపోతుంది. అంత వగరు.

ఆ వగరు పోవాలంటే తొక్క తీసి, తాడుకు కట్టి, చూరు కింద గాలికి వేలాడదీయాలి. పది రోజులయ్యాక ఒక్కో పండునూ వేళ్ళతో మెల్లగా పిసకాలి. నలభై రోజులకు ఒంటి మీద తెల్లటి చక్కెర పూస్తుంది. అప్పుడు తియ్యగా ఉంటుంది. తేనెకంటే తియ్యగా.

నిజానికి వగరు ఎక్కడికీ పోదు. నాలుకకు దొరకకుండా లోపలే ముడుచుకుంటుంది.

ఈ మాట నాకు చెప్పింది సోహెయ్. ఎదురుగా కూర్చుని పండ్లు ఒలుస్తున్నాడు. అతని తొక్క ఎప్పుడూ తెగదు.

సోహెయ్ మా అన్నయ్య.

నిరుడు చలికాలం నుంచి అన్నయ్య.

*

అంతకుముందు అతను నాకు ఇంటిపేరుతో ఒగాతా గారు.

నేను రైతు సహకార సంఘం ఆఫీసులో గుమస్తాని. శరదృతువు వచ్చిందంటే అతను పండ్ల పెట్టెలు తెచ్చేవాడు. నేను రశీదు రాసేదాన్ని. సంతకానికి బదులు అతను తన ఇంటిపేరు చెక్కిన ముద్ర కొట్టేవాడు. వాన వస్తుందేమో, అనేవాడు. వస్తుందేమో, అనేదాన్ని.

మూడు శరత్తులు అంతే మాట్లాడుకున్నాం.

మూడో ఏడు, ఆఖరి పెట్టె దించిన రోజున, కోతలయ్యాక మీతో ఒక మాట చెప్పాలి తోగాషి గారూ, అన్నాడు. సరే అన్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అతను చెప్పేలోపు అమ్మ చెప్పింది, మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నానని.

నాకు గొడుగు తెచ్చే వంకన ఆఫీసు బయట నిలబడే అమ్మ... కొడుకు కోసం ట్రక్కులో కూర్చుని ఎదురుచూసే అతని తండ్రి... వాన వెలిసేదాకా వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారట. మూడు శరత్తులూ. మాకంటే ఎక్కువ మాట్లాడుకున్నారు.

ఆ తండ్రి, షుంకిచి గారికి అరవై మూడు. భార్య పోయి పన్నెండేళ్ళు. అమ్మకు యాభై ఎనిమిది. నాన్న పోయినప్పుడు నాకు పన్నెండు. అప్పటి నుంచి అమ్మ బడి ఆఫీసులో కాగితాలు రాసి నన్ను పెంచింది. ఇంట్లో నవ్వేది, కానీ పాడేది కాదు.

ఈ ఇంటికి వచ్చాక అమ్మ బియ్యం కడుగుతూ పాడుతోంది.

గొంతు బాగుండదు. అయినా పాడుతోంది.

మొదటి సాయంత్రం నేను అలవాటు కొద్దీ, ఒగాతా గారూ, ఉప్పు అందుకుంటారా, అన్నాను. ముగ్గురూ ఒక్కసారే తల తిప్పారు. అమ్మ కూడా. అమ్మ అప్పటికి ఒగాతా అయిపోయింది కదా. షుంకిచి గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఈ ఇంట్లో అలా పిలిస్తే వంటింట్లో పిల్లి కూడా పలుకుతుందే," అంది అమ్మ. "అన్నయ్య అని పిలు. నోరు అరిగిపోదు."

అన్నయ్యా, ఉప్పు, అన్నాను.

అతను అందించాడు.

*

శనివారం మధ్యాహ్నాలు అమ్మ టీవీ పెడుతుంది. శుక్రవారం వచ్చే సీరియల్ రికార్డు చేసుకుని, పండ్లు ఒలుస్తూ చూస్తుంది. మేమూ చూస్తాం. అదే గది, అవే పండ్లు. ఎక్కడికి పోతాం?

ఈ ఏటి సీరియల్లో ఒక అన్న, ఒక చెల్లెలు. ఒకరంటే ఒకరికి ప్రాణం. ఉండకూడని రకంగా.

ఇలాంటి ప్రేమను మా జపాన్ సీరియళ్ళు చెప్పే తీరు ఒకటుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

ఎవరూ ఎవరినీ తాకరు. ప్రేమ అనే మాట ఎవరి నోటా రాదు. వాళ్ళ మొహాలు చూపించాల్సిన చోట కడిగి బోర్లించిన రెండు గిన్నెలు చూపిస్తారు. పక్కపక్కనే. మధ్య ఒక నీటిబొట్టు. ఆ తర్వాత వాన పడుతుంది. ఎనిమిదో వారంలో పాత సొరుగులోంచి కుటుంబ నమోదు పత్రం బయటపడుతుంది. ఒకరు పెంచుకున్న బిడ్డ అని అందులో ఉంటుంది. రక్తం ఒకటి కాదు. చట్టం ఒప్పుకుంటుంది. దేశమంతా ఊపిరి పీల్చుకుంటుంది.

అయినా పదో వారంలో ఒకరు రైలెక్కుతారు.

దారి తెరుచుకున్నాక ఎందుకు వెళ్ళిపోతారో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

ఎనిమిదో వారం... కాగితం బయటపడింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది, వేళ్ళకు జిగట కాబట్టి మణికట్టుతో.

"పాపం పిచ్చి పిల్లలు. రక్తం వేరని తేలిపోయిందిగా. ఇంక అడ్డేముంది?"

"రక్తం సంగతి సరే తొమోయే," అన్నారు షుంకిచి గారు అమ్మతో, తాడు ముడి వేస్తూ. "ఒకే కుండలోంచి ఇద్దరికీ అన్నం పెట్టిన ఆ తల్లి రేపు వీధిలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?"

అమ్మ ఆలోచించింది.

"అదీ నిజమే. మన ఇంట్లో అయితే నేను ఆ కిటికీలోంచి దూకేసేదాన్ని."

"ఆ కిటికీ మోకాలెత్తు. దూకితే ముల్లంగి మడిలో పడతావు. రెండు ముల్లంగులు పీక్కురా, పులుసులోకి."

అమ్మ నవ్వింది. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

సోహెయ్ చేతిలో తొక్క తెగింది.

*

నవంబరు మొదటి వారంలో, ఉదయం పులుసు తాగుతూ, షుంకిచి గారు గిన్నె దించి నా వైపు చూశారు. చాలా రోజులుగా కూడబలుక్కున్న మాటని తెలుస్తూనే ఉంది.

నన్ను దత్తత తీసుకుంటారట. తన నమోదు పత్రంలో, కొడుకు పేరు కింద, కూతురని నా పేరు రాయిస్తారట.

"అమ్మ ఈ ఇంటి మనిషైంది. నువ్వు మాత్రం కాగితం మీద ఇంకా చుట్టానివే. రేపు నేనూ అమ్మా లేకపోతే, ఎవరూ నిన్ను ఈ గడప దాటమనకూడదు."

చెప్పి, సిగ్గుపడి, మళ్ళీ గిన్నె ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కొళాయి తిప్పిన చప్పుడు. చాలాసేపు.

దత్తతకు ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు పక్కింటి ఫుజియె అవ్వ.

రెండోది సోహెయ్ పెట్టేస్తాడులే, అన్నారాయన. ఇంట్లోనే ఉన్నాడుగా.

నన్ను చెల్లెలిని చేసే కాగితం మీద, సాక్షి.

*

పది రోజులకు పండ్లు పిసికే పని మొదలైంది.

చూరు కింద వందల పండ్లు. వాటి మధ్య నించుంటే ఎండ కూడా నారింజరంగే. నేను ఒక వరుస, అతను ఒక వరుస. పండు చుట్టూ మెల్లగా... చర్మం చిట్లకుండా... లోపల గట్టిపడిన చోటు మెత్తబడేదాకా.

చివర్లో రెండు వరుసలూ కలిశాయి.

"తోగాషి గారూ," అన్నాడు.

ఎవరూ లేనప్పుడు ఇప్పటికీ అలాగే పిలుస్తాడు.

"మీరు వద్దంటే నాన్నతో నేను మాట్లాడతాను. ఏమైనా కానీ, మాట్లాడతాను. మీరు వద్దనాలి, అంతే."

వంటింటి కిటికీ తెరిచి ఉంది. బియ్యం కడుగుతున్న చప్పుడు. శ్రుతి తప్పిన పాట.

"అమ్మ పాడుతోంది," అన్నాను. "వింటున్నారా?"

"వింటున్నాను."

ఇద్దరం వింటూ నించున్నాం. పాట అయిపోయింది. అతను పక్క వరుసకు వెళ్ళిపోయాడు.

ఆ శనివారం సీరియల్ పదో వారం. చెల్లెలు రైలెక్కింది. అన్న ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తి, పసుపు గీత దగ్గర ఆగిపోయాడు. అమ్మ ముక్కు చీదుకుని, అలా అయితేనే అందంగా ఉంటుంది, అంది.

నాకప్పుడు అర్థమైంది. కాగితం దారి తెరవగలదు. ఆ దారి ఎవరి గుండె మీదుగా పోతుందో కాగితంలో ఉండదు.

*

మర్నాడు ఆదివారం. కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చునే వెచ్చటి బల్ల. దాని మీద పళ్ళేలన్నీ తీసేసి, తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, అమ్మ కాగితం పరిచింది. పక్కన ఎర్ర సిరా పెట్టె.

ఫుజియె అవ్వ ముల్లంగి ఊరగాయ గిన్నెతో వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళు. కాగితాన్ని కళ్ళకు ఆనించుకుని చూసింది.

"అదృష్టవంతుడివిరా షుంకిచీ. ఇరవై తొమ్మిదేళ్ళ కూతురు, ఒక్క నొప్పి లేకుండా పుట్టింది."

"నడుం నొప్పి ముందు నుంచే ఉందిలే అవ్వా."

ఆయన ముద్ర వేశారు. ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో. భార్యగా తన సమ్మతికి అమ్మ వేసింది. సాక్షి గడిలో ఫుజియె అవ్వ వేసింది. దాని కింద రెండో సాక్షి గడి ఖాళీగా ఉంది.

కాగితం సోహెయ్ ముందుకు జరిగింది.

అతను పేరు రాశాడు. పుట్టిన తేదీ రాశాడు. చిరునామా... మా ఇద్దరిదీ ఒకటే చిరునామా... రాశాడు. ముద్ర తీసి, సిరాలో అద్ది, కాగితం మీద ఉంచి నొక్కాడు. తొందరపడలేదు.

ఎత్తాక చూశాను.

ఒగాతా అన్న పేరు తలకిందులుగా పడింది.

"ఒరేయ్," అన్నారు షుంకిచి గారు. "ముప్పై రెండేళ్ళొచ్చాయి. నీ పేరు తల ఎక్కడుందో నీకు తెలీదా?"

"ఏం పర్లేదు," అంది ఫుజియె అవ్వ. "తలకిందులైనా చెల్లుతుంది. ఆఫీసువాళ్ళకు ఎరుపు కనిపిస్తే చాలు."

ఇద్దరూ నవ్వారు.

చెల్లుతుంది. అది నాకు తెలుసు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఇంకొకటి కూడా తెలుసు. పైనుంచి వచ్చిన కాగితాన్ని కాదనలేక, అవుననడానికి మనసొప్పక, పాత గుమస్తాలు ముద్రను ఇలాగే వేస్తారు. ముద్ర చెల్లుతుంది. మనిషి మాత్రం ఒప్పుకోలేదు. అంత నెమ్మదైన కాదనడం ఇంకొకటి లేదు. మా సంఘం ఆఫీసు బీరువాల్లో అలాంటి కాగితాలు, ఈ శరత్తులో పెట్టెలు తెచ్చినప్పుడు, అతనికి నేనే ఒకసారి చూపించాను.

అమ్మ నవ్వలేదు.

అమ్మ పదహారేళ్ళు బడి ఆఫీసులో ఉంది.

ఆ ముద్రను చూసింది. సోహెయ్‌ని చూసింది. తర్వాత నన్ను చూసింది... చాలా నెమ్మదిగా, చీకటి గదిలోకి వచ్చి వస్తువులు ఒక్కొక్కటే పోల్చుకుంటున్న మనిషిలా. ఉప్పు. తెగిన తొక్క. చూరు కింద రెండు వరుసలు. అన్నీ అమ్మ కళ్ళల్లో ఒక్కొక్కటిగా దాటడం నేను చూశాను.

అడుగుతుందనుకున్నాను.

ఒక్క మాట అడిగితే చెప్పేద్దామనుకున్నాను.

అమ్మ ఎర్ర సిరా పెట్టెను రెండు వేళ్ళతో నా వైపు జరిపింది.

చప్పుడు కాలేదు. జానెడు దూరం కూడా లేదు. ఆ వేళ్ళు మాత్రం పెట్టె మీదే ఉండిపోయాయి. ఈ ఇంటికి వచ్చాక ఆ చేతులు కొంచెం ఒళ్ళు చేశాయి. గోళ్ళ పగుళ్ళు మానాయి. ఆ వేళ్ళు దయచేసి అంటున్నాయి.

నా ముద్ర మీద తోగాషి అని ఉంటుంది. మా నాన్న ఇంటిపేరు. సోహెయ్ పిలిచే పేరు.

తల ఎటుందో వేలితో తడిమి చూసుకున్నాను.

సిరాలో అద్దాను. నిటారుగా వేశాను.

"అయిపోయింది," అన్నారు షుంకిచి గారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎంత తుడిచినా తడి పోలేదు. అమ్మ నా చేయి పట్టుకుంది. ఫుజియె అవ్వ ఊరగాయ గిన్నె మూత తీసింది, టీ పెట్టండర్రా అంది.

సోహెయ్ ముద్ర మీది ఎరుపును కాగితంతో తుడిచాడు. మూత పెట్టాడు. బల్ల మీదే వదిలేసి లేచాడు.

వాకిట్లో మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. ఒక లేసు. ఇంకో లేసు. అతని వీపు కనిపిస్తోంది.

ఈ ఇంట్లో ఎవరు బయటికి అడుగుపెట్టినా, మందుల దుకాణానికైనా, తోటకైనా, వెళ్ళొస్తాను అంటారు. లోపలున్నవాళ్ళు, వెళ్ళి రా, అంటారు. అమ్మ అంటుంది. ఆయనా అంటారు. నేనూ అంటాను.

తలుపు పక్కకు జరిగింది. చల్లటి గాలి వచ్చి కాగితం అంచును లేపింది.

వెళ్ళి రా అనడానికి ముగ్గురం నోళ్ళు తెరిచి ఉన్నాం.

అతను వెళ్ళొస్తాను అనలేదు. తలుపు మూసుకుంది.