లీవరు మీద చెయ్యి

మునిలక్ష్మమ్మ నాలుగు ముద్దలు తింటే చాలు, పేగుల గుడగుడ కడుపులో కాక ఎదలో వినిపించేది. మూడేళ్ల కిందట ఎడమ కిడ్నీ తీసినప్పుడు, ఊపిరితిత్తులకూ కడుపుకూ నడుమ ఉండే పొరకు చిల్లు పడిందట. అందులోంచి పేగు పైకెక్కి కూర్చుందనీ, అది మెలిపడితే ప్రాణం మీదికొస్తుందనీ బెంగుళూరు డాక్టరమ్మ భూమిక చెప్పింది. రోబోతో కుట్టేస్తానంది.

మొగుడు ముత్యాలప్ప ససేమిరా అన్నాడు. కేజీఎఫ్‌లో బంగారు గని మూతపడేదాకా ఆయన వైండింగ్ డ్రైవరు. ఇంజన్ హౌసులో కూర్చుని, లీవరు తిప్పి, కంటికి కనబడని మనుషులను ఇనుప బోనులో పాతాళానికి దించినవాడు. లోపలినుంచి మోగే గంటలే ఆయనకు ఆజ్ఞలు. ఒకటి మోగితే ఆపాలి, రెండైతే దించాలి, మూడైతే బోనులో మనుషులున్నారు, జాగ్రత్త. ఆ చట్టం ఇంట్లోనూ చెల్లేది. ఆయన మాటలు మితిమీరితే మునిలక్ష్మమ్మ గరిటెతో గిన్నె మీద ఒక్కటి కొట్టేది. నోరు ఠక్కున ఆగేది.

ఈసారి గిన్నె మోగినా ఆగలేదు. డాక్టరమ్మే దూరంగా కూర్చుని నడుపుతుందని చెబితే, ఆ చెయ్యి ఎట్లాంటిదో చూడందే సంతకం పెట్టనన్నాడు. బతుకంతా దూరంగా కూర్చుని నడిపినవాడే అనాలి ఈ మాట, అనుకుంది ఆమె.

బెంగుళూరు పోయే రైలు టేకల్ స్టేషను దాటేసరికి ఆమెకు ఉపాయం తట్టింది. ఆసుపత్రిలో ఆయన ముఖం కడుక్కోవడానికి వెళ్లగానే డాక్టరమ్మ చెవిలో ఒక్క మాట వేసింది.

భూమిక ఆయన్ను యంత్రం దగ్గరికి తీసుకెళ్లి, కూర్చుని పిడులు పట్టుకుంది. గది అవతలి మూల రోబో వేళ్లు రబ్బరు ముక్కను కుట్టసాగాయి. ముత్యాలప్ప మొదలుపెట్టాడు. నీకెన్నేళ్లమ్మా, యాడ నేర్చుకుంటివి, కరెంటు పోతే ఏంగతి?

ఆమె తల తిప్పలేదు. "అప్పా, లీవరు మీద చెయ్యి ఉన్నప్పుడు డ్రైవరుతో మాట్లాడకూడదు."

ముత్యాలప్ప చేతులు కట్టుకున్నాడు. ఇంజన్ హౌసులో ఆయన తలపైన ముప్పయ్యేళ్లు వేలాడిన బోర్డు మీది మాట అది. బయటికొచ్చి, కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా సంతకం చేశాడు.

మర్నాడు పొద్దున స్ట్రెచర్ కదులుతుంటే మునిలక్ష్మమ్మ దాని కడ్డీ మీద మూడుసార్లు తట్టింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆపరేషన్ గది తలుపు మళ్లీ తెరుచుకునేదాకా కూర్చోలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు.

మూడోనాడు ఆమె ఒక ఇడ్లీ తిన్నది. గుడగుడ కడుపులోనే వినిపించింది. పక్కనే కూర్చున్న ముత్యాలప్ప అప్పటిదాకా ఏదో లెక్క తేలనట్టు నెత్తి గోక్కుంటున్నాడు.

"ఏమే, మా బోర్డు మీది రాత ఆ పాపకు యాడ దొరికినాది? ఇంగ నువ్వే కదా పోయి..."

మునిలక్ష్మమ్మ చెంచాతో ప్లేటు మీద ఒక్కటి కొట్టింది.