నల్ల జర్మనీ కారులో హీరో

ఎన్నడూ ఇంజనుకు నీళ్లు తగలనివ్వని వరదయ్య, ఆ శనివారం సాయంత్రం మాత్రం బానెట్ ఎత్తి, చెంబుతో నీళ్లు పోసి మరీ కడిగాడు. మరునాడు తన కారులో హీరో ఎక్కబోతున్నాడు. లోపలా బయటా ఒక్క మరక కూడా ఉండకూడదనుకున్నాడు.

వ్యాసర్పాడిలో రైలు పట్టాల పక్క రేకుల షెడ్డులో ఉంచి వరదయ్య సినిమా కంపెనీలకు కార్లు బాడుగకు ఇస్తాడు. వాటిలో పెద్దది నల్ల జర్మనీ కారు. పన్నెండేళ్ల కిందట ఎవరో దొర మద్రాసు వదిలి స్వదేశానికి పోతూ అమ్మితే కొన్నది. ఈ పన్నెండేళ్లలో అది చూడని స్టూడియో లేదు. కానీ ఎక్కినవాళ్లంతా విలన్లే. దొంగ బంగారం దింపేవాడు, హీరోయిన్ తండ్రిని కట్టేసి తెచ్చేవాడు, చుట్ట కాలుస్తూ అద్దం దించేవాడు. హీరో అంటే మోటారు సైకిలో, కప్పు లేని జీపో. పెద్ద కారు కనిపిస్తే చాలు, హాల్లో జనం విలన్ వచ్చాడనుకునేవారు.

"మన బండిలో ఒక్క మంచోడైనా కూర్చోడా?" అని అతని భార్య రాజలక్ష్మి నవ్వేది. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆ మాట మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది.

ఈమధ్య విలన్లు కూడా ఎక్కడం మానేశారు. ఊళ్లోకి కొత్త విదేశీ కార్లు వచ్చేశాయి. ఎనిమిది నెలలుగా నల్ల కారు షెడ్డు దాటలేదు. పుదుపేట నుంచి పాత బండ్లు విప్పి విడిభాగాలు అమ్ముకునేవాళ్లు వచ్చి, చక్రాలు తట్టి చూసి పోయారు. అప్పుడొచ్చింది ఈ పిలుపు. కూలివాడి కొడుకు పదిహేనేళ్ల తర్వాత, తన తండ్రిని చంపినవాడి ఫ్యాక్టరీకే యజమానిగా తిరిగి వచ్చే కథట. వాడి మొదటి రాక ఈ కారులో.

పిలుపు తెచ్చింది ప్రొడక్షన్ మేనేజర్ దేవరాజులు. వరదయ్యకు మేనమామ కొడుకు. "బావా, నీ బండి మొరాయించిందంటే నేనేం చెయ్యలేను. వెండి రంగు కొత్త కారు ఒకటి పక్కనే పెట్టుకుంటా ఉండా," అని ముందే చెప్పాడు.

మొరాయిస్తే ఇక పుదుపేటకే అని వరదయ్య తనలో తాను ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు అంబత్తూరులో, సెలవు కారణంగా మూసిన ఒక ఫ్యాక్టరీ ఆవరణలో అంతా సిద్ధమైంది. గేటు దగ్గర, రాత్రే లారీ మీద తెచ్చి దింపిన కారు. ఎదురుగా, ముప్పై గజాల దూరంలో, ముగ్గుపిండి గీత మీద విలన్, వెనక అతని మనుషులు నలభై మంది. కారు రివ్వున వచ్చి, గిర్రున తిరిగి, దుమ్ము రేపి ఆగాలి; హీరో బానెట్ మీదనుంచి దూకాలి. ఫైట్ మాస్టర్ వేసిన ప్లాను అది. హీరో శ్యామ్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా వరదయ్య దగ్గర డ్రైవరుగా ఉన్న కన్నియప్పన్ కర్పూరం తిప్పి, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టాడు.

శ్యామ్ తాళం తిప్పాడు. ఇంజను గరగరమని ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే.

కన్నియప్పన్ బానెట్ ఎత్తి చూసి, యజమాని వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మొదలాళీ, లోపలంతా ఈరం. ఎవురు నీళ్లు పోసింది?"

వరదయ్య చుట్టూ చేరినవాళ్ల వైపు తిరిగి, "తప్పు నాదే. నిన్న ఇంజను కడిగినా," అన్నాడు.

"ఇంజను కడిగినావా?" అన్నాడు దేవరాజులు. "పెళ్లికూతురికి తలంటు పోసినట్టా? ఏం బావా, సాంబ్రాణి కూడా వేసినావా?"

"ఎండలో పెడితే గంటలో ఆరతాది."

"గంటకు ఎండ నెత్తి మీదకి వస్తాది. కెమెరామన్‌కు ఈ పొద్దుటి పొడుగు నీడలే కావాలంట. సరి, బండిని పక్కకు తొయ్యండి. వెండి కారు రమ్మనండి."

తొయ్యమన్న మాట వరదయ్య చెవిలో ఆగింది. అతను దర్శకుడి దగ్గరకు నడిచాడు. "సార్, ఇంజను చప్పుడు ఎట్లయినా తర్వాతే కదా కలుపుతారు. ఎనకనుంచి తోస్తే పోలా? తోసేవాళ్లు వంగి ఉంటే కెమెరాకి కనపడరు."

"తోస్తే గిర్రున ఎక్కడ తిరుగుతుందండీ?" అన్నాడు ఫైట్ మాస్టర్.

"తిరగదు. ఊరికే వస్తాది." వరదయ్య హీరో వైపు చూశాడు. "కానీ సార్, ఇంజను లేకపోతే స్టీరింగు బండరాయే. బ్రేకు మీ బలమంతా పెట్టి తొక్కాల. ఆడ విలన్ సార్ నిలబడి ఉండారు."

ఎదుటి గీత మీదనుంచి విలన్ వేసే పెద్దాయన అందుకున్నాడు. "బాబూ శ్యామ్, నేను ఇంకా రెండు సినిమాల్లో చావాల్సి ఉంది. కాస్త చూసి తొక్కు."

అందరూ నవ్వారు. దర్శకుడు గడియారం చూసుకున్నాడు. "ఒక్క టేకు. కుదరకపోతే ఆ వెండి కారు."

ఎనిమిది మంది లైట్‌మెన్ కారు వెనక చేరి నడుములు వంచారు. చివర ఖాళీలో వరదయ్య తన అరచేతులు ఆనించాడు. డిక్కీ రేకు చల్లగా ఉంది. తలెత్తితే వెనక అద్దంలోంచి శ్యామ్ భుజాలు, అతని ముందున్న చిన్న అద్దంలో అతని కళ్లు కనిపిస్తున్నాయి.

దర్శకుడి చెయ్యి లేచింది. తోశారు.

నాలుగు నిమ్మకాయలు ఒకదాని తర్వాత ఒకటి టప్పుమన్నాయి. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. అంత బరువైన కారు, చెరువు మీద పడవలా కదిలింది. నల్లని పక్కల మీద ఫ్యాక్టరీ పొగగొట్టం, ఆకాశం, ఎర్రటి పొద్దు మెల్లగా జారిపోతున్నాయి. ముగ్గుపిండి గీతకు సూటిగా తేవడానికి స్టీరింగు తిప్పుతుంటే శ్యామ్ భుజాలు చొక్కా లోపల బిగుసుకోవడం వరదయ్య చూశాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. అయినా చిన్న అద్దంలో ఆ కళ్లు రెప్ప వెయ్యలేదు. అంత బలమూ చేతుల్లో పెడుతున్నా, ముఖం మీద ఒక్క గీతైనా లేదు. పన్నెండేళ్లలో ఈ కారులో ఎంతమందో కళ్లెర్రజేశారు. ఇలా కూర్చున్నవాణ్ణి వరదయ్య ఇప్పుడే చూస్తున్నాడు.

చక్రాలు నిలిచాయి. విలన్ మోకాళ్లకూ కారుకూ నడుమ జానెడు ఖాళీ. ఎవరూ చెప్పకుండానే వెనకనున్న నలభై మందీ ఒక అడుగు వెనక్కి వేశారు. పెద్దాయన ఒక్కడే కదల్లేదు. గుటక మాత్రం మింగాడు. అది నటన కాదని వరదయ్యకు తెలిసిపోయింది.

శ్యామ్ దిగాడు. దూకలేదు. తలుపును వేలితో నెట్టాడు. ఇనప్పెట్టె మూసుకున్నట్టు మెత్తగా పడింది.

దర్శకుడు చాలాసేపు కట్ చెప్పలేదు.

కట్ చెప్పగానే శ్యామ్ కారు వెనక్కే వచ్చాడు. వంగి రొప్పుతున్న లైట్‌మెన్‌లో పెద్దవాణ్ణి చెయ్యి పట్టి లేపాడు. తర్వాత వరదయ్యకు తన అరచేతులు చూపించాడు. ఎర్రగా కంది ఉన్నాయి. "అన్నా, మీ కారు నన్ను నటించనివ్వలేదు."

"దుమ్ము రేపుకుంటూ వచ్చేవాడు కాదయ్యా వీడు," అన్నాడు దర్శకుడు, ఫైట్ మాస్టర్‌తోనో తనతోనో. "ఇన్నాళ్లూ కాగితం మీద వెతుకుతున్నా వీణ్ణి. దేవరాజులుగారూ, డబ్బింగులో ఇంజను సౌండు వెయ్యొద్దు. ఆ నిమ్మకాయలు చాలు. వెండి కారు పంపించెయ్యండి. ఇక సినిమా అంతా ఈ కారే."

దేవరాజులు బావ పక్కన చేరి, "ఇదిగో, ఇంకోసారి తలంటు పోసేముందు నాకు చెప్పు," అని భుజం తట్టాడు.

వరదయ్య పక్కకు పోయి బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. మంచోడు కూర్చున్నాడే, అని చెప్పుకున్నాడు, ఎవరికీ వినపడకుండా.

ఎండ ముదిరింది. టీలు వచ్చాయి. అందరూ కారుకు కొంచెం దూరంగా, గుళ్లో నిలబడ్డట్టు నిలబడి తాగుతున్నారు. అప్పుడు కన్నియప్పన్ లోపల కూర్చుని, చూద్దామని తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారిగా గర్జించింది.

పొద్దుటినుంచి ఆ చప్పుడు కోసం దేవుళ్లందరికీ మొక్కిన వరదయ్య, గ్లాసు కింద పెట్టి గబగబా చెయ్యి ఊపాడు.

"ఆపరా," అన్నాడు. "కాసేపు చప్పుడు లేకుండా ఉండనీ."