పది రోజుల పిప్పరమెంట్లు

హైస్కూలు అటెండరు ఆదెప్ప మైకులో చెప్పింది టెలీమెడిసిన్ అని. ఊరు విన్నది తేలుమెడిసిన్ అని. బెళుగుప్ప దాపున ఉన్న ఆ పల్లెల్లో శెనక్కాయ పీకే చేతుల్లో తేలు కుట్టని చెయ్యి అరుదు. అందుకే సైన్సు ప్రదర్శన రోజు పొద్దున్నే బడి గేటు ముందు యాభై మంది చేరారు. మందు నిజమైనదో కాదో తేల్చుకుందామని ఒకాయన సీసాలో తేలును కూడా తెచ్చాడు.

వనజాక్షి టీచరు తల పట్టుకుంది కానీ వాళ్లను వెనక్కి పంపలేదు. న్యాయనిర్ణేతలు వచ్చే వేళకు జనం ఉంటే కళగా ఉంటుందనుకుంది. ‘ఆధునిక వైద్యం: సవాళ్లు, పురోగతి’ అని రాసిన అట్ట కింద ఏ గతీ లేనివాళ్లంతా బారుగా కూర్చున్నారు.

ఆ అట్ట రాసింది తొమ్మిదో తరగతి సువార్త. ఆ రోజు డాక్టరు వేషమూ ఆమెదే. ప్రాజెక్టు తేలికైనదే. ఒక గదిలో రోగి ముందు ఒక ఫోను. పక్క గదిలో తెల్లకోటు, మాస్కు తొడుక్కున్న సువార్త ముందు ఇంకో ఫోను. రోగి జబ్బు చెబితే తెరలోంచి డాక్టరు మందు చెబుతుంది, కాంపౌండరు వేషంలో ఉన్న నందిని కవరు ఇస్తుంది. కవరులో పిప్పరమెంట్లు. సువార్త ఇంట్లో “యాడికి పోతాండావు” తెలుగే తప్ప ఇంకో తెలుగు లేదు. డాక్టరు అట్లా మాట్లాడితే ఎవరు నమ్ముతారని టీచరు వారం రోజులు కూర్చోబెట్టి టీవీ తెలుగు నేర్పింది. మీరు, చెప్పండి, కంగారు పడకండి.

తీరా రోగి వేషం వెయ్యాల్సిన పిల్లకు నిజంగానే రోగం వచ్చి బడికి రాలేదు. న్యాయనిర్ణేతలు గదిలోకి వచ్చేశారు. టీచరు గబగబా బయటికెళ్లి వరుసలో మొదట ఉన్న కదిరమ్మను పిలిచి, లోపల లేడీ డాక్టరు ఉందని చెప్పి ఫోను ముందు కూర్చోబెట్టింది. పక్క పల్లె మనిషి, అరవై ఏళ్లది, కూలికి పోతుంది, చూపు మసక.

“ఏమైందో చెప్పండమ్మా” అంది సువార్త.

పుట్టి బుద్ధెరిగాక కదిరమ్మను ‘అండి’ అని పిలిచినవాళ్లు లేరు. ఆమె ఫోనును పైట చాటుకు లాక్కుంది.

“రొమ్ములో గడ్డ లేసింది తల్లీ. ఏడాదాయ. ఇప్పుడు నీరు కారతాండాది. ఆస్పత్రిలో ఉండేది మొగ డాక్టరు, ఆయప్పకెట్ల చూపేది? ఆడమనిషివని నీకు చెప్తాండా. ఎవురికీ చెప్పొద్దు.”

సువార్త చేతిలోని కాగితంలో జలుబు ఉంది, జ్వరం ఉంది, విరేచనాలు ఉన్నాయి. గడ్డ లేదు. నడిమి తలుపులోంచి టీచరు కానిమ్మని సైగ చేసింది. సువార్త కాగితంలోని ఆఖరి వాక్యం చదివేసింది.

“కంగారు పడకండి. పది రోజులు మాత్రలు వాడండి, తగ్గిపోతుంది.” నందిని కవరు తెచ్చి కదిరమ్మ చేతిలో పెట్టింది.

ముసలామె ఎంత సహజంగా నటించిందని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు. మొదటి బహుమతి వచ్చింది, జిల్లా పోటీకి పిలుపు వచ్చింది. ఆ సాయంత్రమే సువార్త టీచరు దగ్గరికి పోయి, కదిరమ్మకు పెద్ద జబ్బుందని, అనంతపురం పెద్దాస్పత్రికి పంపాలని చెప్పింది. టీచరు చెడ్డది కాదు. బహుమతుల రోజు దాకా ఆగమంది, ఆ తరవాత తానే మెల్లగా చెబుతానంది. కానీ ముందుగా కనిపెడితే కేన్సరు నయమవుతుందని పురోగతి కింద, ఆలస్యంగా రావడమే పెద్ద చిక్కని సవాళ్ల కింద పచ్చ స్కెచ్చుతో రాసింది సువార్తే. ఆగమంటే పిల్లలు ఆగుతారు, గడ్డ ఆగదు.

ఆదివారం సువార్త ఒక్కతే కదిరమ్మ ఇంటికి నడిచిపోయింది. డాక్టరు తానేనని చెప్పడానికి నోరు రాలేదు. పెద్దాస్పత్రికి పొమ్మని మాత్రం బతిమాలింది. కదిరమ్మ నవ్వింది.

“కోటేసుకున్న డాక్టరమ్మ తగ్గుతాదని చెప్పినాక నీ మాట యాడ వినేది పాపా?”

మాట అదే నోటిది. కోటు మాత్రం లేదు.

పదకొండో రోజు బడిలో బహుమతుల సభ. ఇంకో పది రోజుల మాత్రల కోసం కదిరమ్మ ఖాళీ కవరు పట్టుకొని వచ్చి ముందు వరుసలో కూర్చుంది. సువార్తను వేదిక మీదికి పిలిచారు. ఆమె కప్పు అందుకోలేదు. సంచిలోంచి తెల్లకోటు తీసి వేసుకుంది, మాస్కు కట్టుకుంది, మైకు పట్టుకుంది.

“ఏమైందో చెప్పండమ్మా” అంది.

కదిరమ్మ మొహం విప్పారింది, రెండు చేతులూ జోడించింది. సువార్త మాస్కు తీసేసింది. తర్వాత అందరికీ వినపడేట్టు ఇంటి తెలుగులోనే చెప్పింది. టెలీమెడిసిన్ అంటే తేలు మందు కాదని, దూరాన ఉండే డాక్టరు ఫోనులో చూసే వైద్యమని. ఆ పొద్దు ఫోనులో డాక్టరే లేదని, ఉన్నది తానేనని. కవర్లో ఇచ్చినవి మాత్రలు కావు, పిప్పరమెంట్లని. కదిరమ్మ ఏం చెప్పిందో మాత్రం చెప్పలేదు.

పిప్పరమెంట్ల దగ్గర జనం పకపకా నవ్వారు. టీచరు తల దించుకుంది. సువార్త వేదిక దిగి వచ్చింది.

“నేను చెప్పింది నీకేనా?” అంది కదిరమ్మ.

“నాకేనవ్వా. అనంతపురం పోదాం పా.”

కదిరమ్మ ఖాళీ కవరును నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

“పది దినాలు నిమ్మళంగా పండుకుంటి పాపా” అంది.