పళ్లెంలో గీత

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కణ్ణే. ఎక్కించింది మా అక్క పుష్పవతి, నర్సీపట్నంలో జీడిపిక్కలు కొట్టి. జీడికి ఆమె వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను పసుపులోని కుర్కుమిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మీద పనిచేశాను. చిన్న పళ్లెంలో క్యాన్సర్ కణాలు పెంచి, మధ్యలో సన్నటి గీత గీకుతాం. ఊరికే వదిలేసిన పళ్లెంలో ఒక్కరోజులో కణాలు పాకి ఆ గీతను పూడ్చేశాయి. కుర్కుమిన్ వేసిన పళ్లెంలో గీత గీతలాగే ఉండిపోయింది. ఇంటికి వచ్చినప్పుడు ఆ ఫొటోలు చూపిస్తే అక్క నవ్వింది.

"ఇన్నేళ్లు సదివి వంటింట్లో పసుపే కనిపెట్టేవేటిరా?"

అయినా ఆ ఫొటో తన ఫోనుకి పంపించుకుంది.

అప్పటికే ఆమె రొమ్ములో గడ్డకి విశాఖపట్నంలో కీమో రెండుసార్లయింది. వాంతులతో మంచం దిగలేకపోయేది. ఇకమీదట బావ లోవరాజు తీసుకెళ్తాడనీ, నన్ను వెళ్లి ప్రాజెక్టూ పరీక్షలూ చూసుకోమనీ చెప్పింది. నేను నాలుగు నెలలు ఇంటికి రాలేదు. ఫోను చేసినప్పుడల్లా ఆస్పత్రికి వెళ్లొచ్చామనే అన్నారు ఇద్దరూ. నమ్మాను.

పరీక్షలయ్యాక వచ్చేసరికి అక్క తలమీద జుట్టు మొలిచి ఉంది. ముందు సంతోషించాను. ఆ తర్వాత అనుమానం వచ్చింది. కీమో నడుస్తుంటే జుట్టెలా వస్తుంది? ఆస్పత్రి పుస్తకం తీశాను. రెండు తేదీలున్నాయి. మిగతాదంతా ఖాళీ.

బావని నిలదీస్తే తల దించుకున్నాడు. ఏజెన్సీ కొండల నుంచి దిగే పసుపు కొమ్ములు కొని, దంచి, మూడు పూటలా తాగిస్తున్నాడట.

"ఇంట్లో సదువుకున్నోడు సెప్పినాక ఇంకెవుల్ని అడుగుతాం?" అన్నాడు.

అక్క పైట కాస్త జరిపింది. గడ్డకీ చంకకీ మధ్య వేలితో దిద్దిన పసుపు గీత. రోజూ స్నానం కాగానే దిద్దుకుంటోందట.

మర్నాడే విశాఖ తీసుకెళ్లాను. స్కానింగులో చంకలోనే కాదు, కాలేయంలోనూ క్యాన్సర్ కనిపించింది. ఇక నయం చేయడం మా చేతుల్లో లేదు, నొప్పి తెలియకుండా కొన్నాళ్లు చూడగలం అని డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. అక్కకి నేను చెప్పాను.

తిరుగు బస్సులో అక్క అడిగింది.

"నీ పళ్లెంలో గీత దాటనేదు గదరా. మరి నాకెందుకు దాటింది?"

పళ్లెంలో మందు నేరుగా కణాల మీద పోస్తామని చెప్పాను. తాగిన పసుపులో ఒంటికి పట్టేది ఏ కొంచెమో. పళ్లెంలో ఆగినంత మాత్రాన మనిషిలో ఆగుతుందని చెప్పలేమని ప్రాజెక్టు చివరి పేజీలో నేనే రాశాను. ఎగ్జామినరుగారికి చదివి వినిపించాను కూడా. అదీ చెప్పాను.

అక్క కిటికీ వైపు తిరిగింది.

"ఆ పేజీ కూడా ఫొటో తీసి పంపకపోయేవేటిరా," అంది.