డోరు రబ్బరు మీద అచ్చు

నాకు నోరు ముందు, బుద్ధి వెనక. బడిలో పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోదు. మా ఆయన సంసోను బొగ్గు గనిలో షిఫ్టు దిగి వచ్చి, "తబితా, బెల్లు కొట్టేసిండ్రు, ఇగ చాలు" అంటుంటాడు.

2006 ఎండాకాలం నాటి సంగతి. పినపాకలో మేం కిరాయికి ఉన్న వీధిలో ఫ్రిజ్ మా ఒక్క ఇంట్లోనే ఉండేది. పక్క తండాలోని సక్రి, తన పెనిమిటి బలరాం సూదిమందు అందులో దాచుకునేది. బలరాంకి షుగరు. పూటకో ఇన్సులిన్ సూది పడకపోతే మనిషి మంచం దిగలేడు. పొద్దున, సాయంత్రం సక్రి వచ్చి, సీసాలోంచి మందు సిరంజిలోకి లాక్కుని, సీసా మళ్లీ లోపల పెట్టి పోయేది.

ఇంతవరకూ బాగానే ఉంది. నేను అంతటితో ఊరుకోలేదు. గురువారం ఆడవాళ్ల ప్రార్థన కూడికలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. పొరుగింటి రోగి కోసం నా ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసి ఇచ్చానని, అదంతా దేవుడు నాకిచ్చిన మనసని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. రెండు రోజులు నేల మీద నడవలేదు నేను.

ఆ ఫ్రిజ్ మీద నా చేత్తో అల్లిన తెల్ల లేసు కవరు ఉండేది. అంచంతా గులాబీలు. వచ్చినవాళ్ల కళ్లలో పడాలని ముందువైపు బాగా కిందికి, తలుపు మీదికి వేలాడేటట్టు వేశాను.

ఏప్రిల్ దాటగానే ఐసు పెట్టె నిండా మంచు పేరుకోవడం మొదలైంది. చివరికి దాని చిన్న మూత కూడా పడేది కాదు. కింద మాత్రం పాలు విరిగేవి, నీళ్లు చల్లబడేవి కావు. కత్తితో మంచు గీకబోతే, "గ్యాసు పైపు తెగుతది, ఆగు" అని సంసోను నా చెయ్యి పట్టుకున్నాడు.

మే నెలలో ఒక గురువారం కూడిక మా ఇంట్లోనే. నిమ్మకాయ షర్బతు చల్లగా ఇస్తానని గొప్పగా చెప్పాను. తీరా గ్లాసులు అందించాక పాస్టరమ్మ ఒక గుక్క తాగి, "గోరువెచ్చగ ఉందేంది తబితా?" అంది. ఎవరో నవ్వారు. సరిగ్గా అప్పుడే సాయంత్రం మందు కోసం సక్రి గుమ్మంలోకి వచ్చింది.

"ఇగో, ఈమె వల్లనే! రోజుకు రెండుసార్లు తెరుస్తది, తలుపు సరిగ్గ ఎయ్యదు" అనేశాను.

పదిమంది ఆడవాళ్లు తల తిప్పి సక్రిని చూశారు.

"ఏసే పోతున్న టీచరమ్మా," అంది సక్రి మెల్లగా. "పైన మూలకు అంటుకుంటలేదు. నీ గుడ్డ..."

"ఫ్రిజ్ గురించి నాకు చెప్తవా నువ్వు?"

ఆమె లోపలికి వెళ్లి సీసా తీసి కొంగున కట్టుకుంది. నాకు కనపడేటట్టు తలుపు రెండు చేతులతో నొక్కి వేసి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

శనివారం ఖమ్మంలో ఫ్రిజ్‌లు బాగుచేసే మా తమ్ముడు జస్టిన్‌కి ఫోన్ చేశాను.

"తలుపు సందుల కాగితం ముక్క పెట్టి మూసి లాగక్కా. గట్టిగ పట్టుకుంటే డోరు రబ్బరు మంచిదే. జారొస్తే ఆడికెల్లి బయటి గాలి లోపలికి పోతున్నట్టు. ఆ గాలే లోపల మంచు కడ్తది."

కింద పెట్టాను, పట్టుకుంది. రెండు పక్కలా పట్టుకుంది. పైన పెట్టాను, లాగకముందే జారి నా కాళ్ల దగ్గర పడింది. కవరు పైకెత్తి వంగి చూశాను. పైన రబ్బరు నొక్కుకుపోయి ఉంది. దాని మీద వరసగా అచ్చులు. గులాబీ, ఆకు, గులాబీ, ఆకు. నా అల్లిక. తలుపు వేసిన ప్రతిసారీ నా లేసు మధ్యలో ఇరుక్కుని నలిగింది.

ఆడలేక మద్దెల ఓడు అని పిల్లలకు సామెత చెప్పేదాన్ని నేనే. ఇంట్లో ఎవరూ లేరు, అయినా సిగ్గుతో నా మొహం కాలిపోయింది. సక్రి చెప్పింది. చెబుతుంటే నోరు మూయించాను.

కవరు తీసి పెట్టెలో పడేశాను. ప్లగ్గు పీకి, గిన్నెలో వేడినీళ్లు లోపల పెడితే గంటలో మంచు కరిగి కారిపోయింది. రబ్బరును సబ్బునీళ్లతో తుడిచి, వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, మెత్తబడ్డాక వేళ్లతో బయటికి లాగాను. సాయంత్రానికి కాగితం అన్ని వైపులా పట్టుకుంది. అచ్చులు మాత్రం పోలేదు.

అప్పుడే తండాకు పోయాను. సక్రి పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న ముంత పాతి, ముంతలో సీసా పెట్టింది. మూడు పూటలా ఇసుక తడుపుతోందట. బలరాం మంచంలో లేచి కూర్చుని నాకు జాగా ఇచ్చాడు. కూర్చోలేకపోయాను.

"తప్పు నాదే సక్రీ. నా లేసు అడ్డం పడ్డది. నిన్ను అందరి ముంగట అన్న," అని కాగితం సంగతి కూడా చెప్పాను.

"అవ్ మల్ల," అంది సక్రి. అంతే.

అందరి ముందు అన్నదాన్ని అందరి ముందే దిద్దుకోవాలి కదా. గురువారం లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. కానీ వాళ్లంతా మళ్లీ స్తోత్రం అన్నారు, "ఎంత తగ్గింపు మనసు తబితా నీది" అని పాస్టరమ్మ నా తల నిమిరింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

శుక్రవారం పొద్దున సక్రి సీసాతో వచ్చింది. మందు లోపల పెట్టింది. రవికలోంచి కాగితం ముక్క తీసి, తలుపు పైసందులో పెట్టి మూసి, గట్టిగా లాగింది.

"చూడు టీచరమ్మా, వస్తలేదు. మంచిగనే ఏసిన."

"గదేం వద్దు సక్రీ. నాకు నీ మీద నమ్మకమే."

"గప్పుడు గూడ నమ్మకమే ఉండె గద," అంది. కోపంగా కాదు, మామూలుగానే.

ఆ ఎండాకాలమంతా రోజుకు రెండుసార్లు తలుపు వేసి, కాగితం పెట్టి, నన్ను పిలిచేది. నేను వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడి చూసేదాన్ని.